మే నెలలో శ్రీకాకుళం రిసెప్షన్: వచ్చినవాళ్ళకి తాగడానికి ఏమిద్దాం?

నాగావళి_గట్టు
అందరికీ నమస్కారం. మే మొదటి వారంలో మా చెల్లి పెళ్ళి. శ్రీకాకుళంలోనే, ఆమదాలవలస వెళ్ళే రోడ్డులో హాలు తీసుకున్నాం. సాయంత్రం ఆరున్నరకి రిసెప్షన్, రాత్రి రెండు దాటాక ముహూర్తం, రెండూ అక్కడే. సుమారు 600 మంది వస్తారు. అబ్బాయి వాళ్ళది విజయనగరం. అమ్మ వైపు చుట్టాలు కవిటి, సోంపేట నుంచి వస్తారు.

భోజనాల మెనూ అయిపోయింది. డ్రింక్స్ దగ్గర ఆగిపోయాం. క్యాటరింగ్ ఆయన ఇచ్చిన లిస్టులో అన్నీ రంగు నీళ్ళే కనిపిస్తున్నాయి: బ్లూ ఏదో, గ్రీన్ ఏదో. అబ్బాయి స్నేహితులు స్టేజీ మీద షాంపేన్ తెరవాలంటున్నారు. నాన్నకి అది అసలు ఇష్టం లేదు. పెళ్ళికొచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో ఒక మంచి డ్రింక్ తాగి, ప్రాణం కుదుటపడి లోపలికి రావాలని నా కోరిక. ఏం పెడితే బాగుంటుందో చెప్పండి.

బొబ్బిలి_అమ్మాయి
అన్నయ్యా, ముందుగా చెల్లికి శుభాకాంక్షలు. నా ఓటు బాదం పాలకి. కుంకుమపువ్వు వేసి, పైన పిస్తా తురుము చల్లి చిన్న గ్లాసుల్లో ఇస్తే పెళ్ళికళ వస్తుంది. పిల్లలకి రోజ్ మిల్క్. ఫోటోల్లో కూడా బాగుంటాయి.

రాజాం_వంటశాల
నమస్కారం. క్యాటరింగ్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బాదం పాలు చలికాలం పెళ్ళికి బ్రహ్మాండంగా ఉంటాయి. మే నెలలో గుమ్మం దగ్గర డ్రమ్ములో పెట్టి రెండు గంటలు పోయడం మాత్రం వద్దు. ఏసీ లేని వరండాలో సాయంత్రం ఏడింటికి కూడా ముప్పై డిగ్రీలు దాటే ఉంటుంది. ఆ వేడిలో పాలతో చేసింది ఏదైనా గంటకి మించి బయట ఉండకూడదు. ఈమధ్య ఒక రిసెప్షన్‌లో చూశాను, ఎనిమిదిన్నరకే బాదం పాలు అడుగున పలుకులు కట్టాయి. పైన నురగ బాగానే ఉంది కాబట్టి పోసే కుర్రాడికి తెలియలేదు. తాగిన వాళ్ళకి తెలిసింది. పెట్టాలనుకుంటే ఏసీ ఉన్న డైనింగు హాల్లో, ఫ్రిజ్‌లోంచి పది లీటర్ల చొప్పున తీస్తూ, భోజనం తర్వాత ఇవ్వాలి.

గుమ్మం దగ్గరికి నేను చెప్పేవి రెండే. ఒకటి మజ్జిగ, రెండోది సబ్జా గింజలు వేసిన నిమ్మ షర్బత్. ఒకటి ఉప్పన, ఒకటి తీపి. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు. మూడో రకం పెడితే జనం గుమ్మంలోనే నిలబడి ఆలోచిస్తారు, వెనక క్యూ పెరుగుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. 150 మిల్లీలీటర్ల గ్లాసు, 600 మంది, అంటే 90 లీటర్లు. రెండోసారి అడిగేవాళ్ళకి ఇంకో పది. మొత్తం వంద లీటర్లు, చెరి సగం. 50 లీటర్ల మజ్జిగకి పన్నెండు పదమూడు లీటర్ల గట్టి పెరుగు చాలు. పెరుగు ఆ రోజు పొద్దున తోడుకున్నదే కావాలి. ముందు రోజుదైతే సాయంత్రానికి పులుపెక్కిపోతుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు నూరి ఆ రసం వడగట్టి కలపండి. ముక్కలుగా వేస్తే పట్టుచీర కట్టుకున్నావిడ గొంతులో మిర్చి ముక్క అడ్డం పడి, దగ్గుతో గ్లాసు ఒలికిస్తుంది. ఇంగువ చిటికెడు చాలు.

నిమ్మ షర్బత్ 50 లీటర్లకి మంచి రసమున్న కాయలు 130 నుంచి 150, పంచదార ఐదు కిలోలు. పాకం పొద్దునే కాచి చల్లార్చి ఉంచుకోవచ్చు. నిమ్మరసం మాత్రం పోయడానికి అరగంట ముందు కలపాలి, లేకపోతే చేదు తిరుగుతుంది. గింజ నలిగేలా పిండకూడదు. సబ్జా ఇరవై నిమిషాల్లో ఉబ్బుతుంది, పావు కిలో చాలు.

గంటస్తంభం_సెంటర్
మజ్జిగ మంచి మాట. మా విజయనగరం వాళ్ళు మజ్జిగ చూసి తక్కువ చేశారని అనుకుంటారేమోనని మీకు అనుమానం ఉండొచ్చు. అక్కర్లేదు. మే నెలలో బస్సు దిగి వచ్చేవాడికి చల్లటి మజ్జిగే మర్యాద. అయితే గాజు గ్లాసుల్లోనో, ఇత్తడి గ్లాసుల్లోనో ఇవ్వండి, కనీసం పెద్దవాళ్ళకైనా. ఇచ్చే మనిషి కూడా ఇంటి మనిషి అయితే బాగుంటుంది. మీ బాబాయో, పిన్నో గుమ్మంలో నిలబడి "తీసుకోండి" అంటే ఆ గ్లాసు విలువే వేరు.

కవిటి_కొబ్బరితోట
బాబూ, మాది ఉద్దానం. మా కవిటి, సోంపేట నుంచి చుట్టాలొస్తున్నారంటున్నారు, మరి కొబ్బరి బొండాలు పెట్టకపోతే ఎలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటల్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మా బొండాం నీళ్ళు పెళ్ళిలో పోస్తే అక్కడ రైతు ఇంట్లో కూడా పండగే. రంగునీళ్ళకి పెట్టే డబ్బు పెడితే ఆరొందల బొండాలూ వచ్చేస్తాయి.

రాజాం_వంటశాల
కవిటి బొండాం రుచి గురించి నాకు చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఆరొందల దగ్గరే. ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా నిమిషానికి రెండు మూడు కంటే కొట్టలేడు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య జనం ఒక్కసారిగా వస్తారు. ఇద్దరు కత్తి పట్టుకున్నా క్యూ గేటు దాటుతుంది. తాగేసిన డొక్కలు ట్రాక్టరు నిండుతాయి. బొండాం పీచు రసం పట్టుచీర మీద పడితే ఆ మరక వదలదు. వంద, నూట ఇరవై తెప్పించండి. ఎదురుసన్నాహంలో మగపెళ్ళివారికీ, నడవలేని పెద్దవాళ్ళకీ కూర్చున్న చోటికి తీసుకెళ్ళి ఇవ్వచ్చు. స్ట్రాలు కాగితంవి తీసుకోండి. ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై నుంచి నిషేధం.

డయాలసిస్_సిస్టర్
ఒక్క విషయం అందరూ దయచేసి చదవండి. నేను ఈ జిల్లాలోనే నర్సుగా పనిచేస్తున్నాను. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి చుట్టాలు వస్తున్నారంటే వాళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఉంటారు. ఉద్దానంలో ఆ జబ్బు ఎంత ఎక్కువో మనకి తెలిసిందే. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి కొబ్బరి నీళ్ళు ప్రమాదం. ఒక బొండాంలో 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. బెల్లంలో కూడా పొటాషియం ఎక్కువే. మజ్జిగలో ఉప్పు ఉంటుంది, అదీ వాళ్ళకి పడదు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో కూడా డాక్టరు లెక్క కట్టి చెప్పి ఉంటారు.

పెళ్ళిలో మొహమాటం చాలా చెడ్డది. "ఒక్క బొండాం తాగితే ఏమవుతుంది పెద్దమ్మా" అని బలవంతం చేస్తారు, ఆవిడ కాదనలేక తాగేస్తుంది. అందుకని డ్రింక్స్ దగ్గర ఉండే వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి: వద్దన్న వాళ్ళని రెండోసారి అడగకూడదు. వాళ్ళ కోసం ఉప్పు, సబ్జా లేకుండా పల్చటి నిమ్మ నీళ్ళు చిన్న గ్లాసులో, 60 మిల్లీలీటర్లు, విడిగా ఉంచండి. చేతిలో గ్లాసు ఉంటే ఎవరూ బలవంతం చేయరు. అది తాగచ్చో లేదో కూడా వాళ్ళ డాక్టరు చెప్పినదాని ప్రకారమే.

షుగర్ ఉన్నవాళ్ళకి మజ్జిగ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

నాగావళి_గట్టు
సిస్టర్, మీకు చేతులెత్తి దండం పెడతాను. అమ్మ వాళ్ళ అన్నయ్య, ఇంకో పిన్ని డయాలసిస్‌లోనే ఉన్నారు. ఇద్దరికీ ఆ వారం డాక్టరుని అడిగి ఉంచమని ఇప్పుడే ఫోన్ చేయించాను. వాళ్ళ పక్కన ఉండడానికి మా మేనత్త కొడుకుని పెడుతున్నాను.

కవిటి_కొబ్బరితోట
సిస్టర్ చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. మా ఇంట్లోనూ ఒకరు ఉన్నారు, మా చెట్టు బొండాం మేమే ఇవ్వం. ఆరొందల మాట వెనక్కి తీసుకుంటున్నాను, వంద చాలు.

అట్లాంటా_తమ్ముడు
అబ్బాయి స్నేహితుల తరఫున మాట్లాడుతున్నాననుకోండి. ఇక్కడ పెళ్ళిళ్ళలో అందరూ ఒకేసారి గ్లాసు ఎత్తి పెళ్ళికొడుకునీ, పెళ్ళికూతుర్నీ ఆశీర్వదించే ఆ నిమిషం చాలా బాగుంటుంది. అది మన పెళ్ళిలో కూడా ఉండాలనే ఆశ తప్ప తాగి తూలాలని కాదు. నాలుగు సీసాలు తెచ్చుకుంటే సరిపోతుంది కదా?

టెక్కలి_వకీలు
తమ్ముడూ, నీ ఆశ అర్థమైంది. చట్టం సంగతి చెబుతాను. షాంపేన్ అయినా మద్యమే. ఫంక్షన్ హాల్లో మద్యం ఇవ్వాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర ముందుగా ఆ ఒక్క రోజుకి పర్మిట్ తీసుకోవాలి, ఫీజు కట్టాలి. పర్మిట్ లేకుండా దొరికితే హాలు యజమాని మీదా, ఫంక్షన్ చేసేవాళ్ళ మీదా కేసు. అంటే పెళ్ళికూతురి తండ్రి మీద. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం ఇవ్వకూడదు. రిసెప్షన్‌కి వచ్చే డిగ్రీ పిల్లల్లో ఎవరికి ఎన్నేళ్ళో గ్లాసు పట్టుకెళ్ళే కుర్రాడు ఎలా చూస్తాడు?

ఇంకోటి. రాత్రి మళ్ళీ విజయనగరం, విశాఖ వెళ్ళేవాళ్ళు జాతీయ రహదారి 16 మీదే కారు నడపాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పదివేల దాకా జరిమానా లేదా జైలు. రోడ్డు మీద ఏదైనా జరిగితే అది ఏ జరిమానాతోనూ తీరదు.

పొందూరు_మాస్టారు
నాయనా, నేను రిటైరైన సైన్సు టీచర్ని. షాంపేన్ అనే పేరు ఫ్రాన్సులో ఆ పేరున్న ప్రాంతంలో పండిన ద్రాక్షతో, సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేసినదానికే పెట్టుకోవాలి. ఆ రెండో పులియడంలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు సీసాలోనే బందీ అవుతుంది. లోపలి ఒత్తిడి ఐదారు వాతావరణాలు, కారు టైరులో ఉండేదానికి రెండింతలకు మించి. ఆ బిరడా ఎగిరి కంటికి తగిలి చూపు పోయినవాళ్ళు ఉన్నారు. స్టేజీ ముందు పసిపిల్లలు కూర్చునే చోట అది తెరవడం నాకు నచ్చదు. ఇక లెక్క చూడు. 750 మిల్లీలీటర్ల సీసాకి ఆరు గ్లాసులు. నాలుగు సీసాలంటే 24 మంది. మిగతా 576 మంది చేతులు ఖాళీగా పెట్టుకుని చూడాలా? అందరూ కలిసి ఎత్తే గ్లాసు అని నువ్వే అన్నావు.

ఆశీర్వాదానికి మనకి అక్షింతలున్నాయి. అయినా ఆ సరదాని కాదనను. దానికి నా దగ్గర వేరే ఉపాయం ఉంది: గోలీ సోడా. గోలీ సీసాని 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు చేశాడు. అక్కడ అది ఎప్పుడో మూలన పడింది, మనం ఇంకా వాడుతున్నాం. మెడలో గాజు గోలీ ఉంటుంది. లోపలి గ్యాసు దాన్ని పైకి నెట్టి రబ్బరు వాషరుకి అదిమిపెట్టి ఉంచుతుంది. చెక్క మూతతో ఒక్క నొక్కు నొక్కితే గోలీ కిందికి జారి మెడలోని నొక్కులో ఇరుక్కుంటుంది, చుయ్‌మని గ్యాసు తన్నుకొస్తుంది, నురగ అంచుదాకా పొంగుతుంది. గోలీ పైకి ఎగరదు, ఎవరి కంటికీ తగలదు. పెళ్ళికొడుకు ఒకటి, పెళ్ళికూతురు ఒకటి స్టేజీ మీద కొట్టాలి. అదే సమయానికి కింద కౌంటర్లో పాతిక సీసాల చప్పుడు వరసగా వినిపించాలి.

బొబ్బిలి_అమ్మాయి
మాస్టారూ!! ఇది అద్భుతం. నా బాదం పాలు వదిలేశాను. అల్లం సోడా, నిమ్మ సోడా, ద్రాక్ష సోడా మూడు రంగుల్లో పెడితే పిల్లలు అక్కడి నుంచి కదలరు.

అట్లాంటా_తమ్ముడు
ఒప్పుకున్నాను మాస్టారూ. మా వాళ్ళందరికీ కూడా ఇదే చెబుతాను. చిన్నప్పుడు సిరిమానోత్సవానికి వెళ్ళినప్పుడు తాగిన గోలీ సోడా గుర్తొచ్చింది. ఆ కౌంటర్ ఖర్చు అబ్బాయి స్నేహితులదే, కాదనకండి.

రాజాం_వంటశాల
గోలీ సోడా సరే. అయితే సీసాలు ఎవరు కడుగుతున్నారో, ఏ నీళ్ళు నింపుతున్నారో చూసుకుని ఆర్డరివ్వండి. ఆ మెడలో గోలీ వెనక బ్రష్షు సరిగా తిరగదు, నాచు అక్కడే పడుతుంది. సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకోండి.

అంతకంటే ముఖ్యం ఐసు. దీని గురించి ఎవరూ అడగలేదు గానీ పెళ్ళిలో కడుపులు చెడేది ఎక్కువగా దీనివల్లే. మనది సముద్రతీరం, ఐసు ఫ్యాక్టరీల్లో పెద్ద దిమ్మలు చేపల కోసం తయారయ్యేవి. ఆ ఐసుకి తాగే నీళ్ళు వాడరు. తినడానికి పనికిరాని ఐసులో నీలం రంగు కలపాలని 2018లోనే ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది, కానీ రంగు లేని దిమ్మలు ఇప్పటికీ గోనెపట్టా చుట్టుకుని ఆటోల్లో వచ్చేస్తుంటాయి. దిమ్మని పగలగొట్టి షర్బత్‌లో వేస్తే అక్కడితో అయిపోయింది. మీ క్యాటరింగ్ ఆయనకి ఒకటే మాట చెప్పండి: డ్రింక్‌లో ఐసు వేయకూడదు. స్టీలు డ్రమ్ముని పెద్ద టబ్బులో పెట్టి, చుట్టూ ఐసు, గుప్పెడు కల్లుప్పు. డ్రమ్ము మూత పెట్టి ఉంచాలి. నాలుగింటికి మొదలుపెడితే ఆరున్నరకి పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది, పల్చబడదు.

మంచినీళ్ళు తలకి లీటరు వేసుకోండి. 600 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 30. రాత్రి ముహూర్తం కాబట్టి ఇంకో ఐదు.

గంటస్తంభం_సెంటర్
ముహూర్తం రెండు దాటాక అన్నారు కదా, మరి మేలుకునేవాళ్ళ సంగతి? పదకొండు తర్వాత మిగిలేది దగ్గర చుట్టాలే, ఓ రెండొందల మంది. వాళ్ళకి కాఫీ పెట్టండి. పక్కనే అరకు ఉంది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫిల్టరు డికాక్షన్ తీసి వేడి పాలతో చిన్న కప్పుల్లో ఒంటిగంటకి ఒకసారి, మంగళసూత్రధారణ అయ్యాక ఒకసారి. పురోహితుడిగారికీ, మేళం వాళ్ళకీ ముందు ఇవ్వండి. ఆ రాత్రంతా కష్టపడేది వాళ్ళే, చాలా పెళ్ళిళ్ళలో వాళ్ళని ఎవరూ అడగరు.

పొందూరు_మాస్టారు
పానకం గురించి ఎవరూ అనలేదేం? రామతీర్థంలో సీతారాముల కళ్యాణానికి వెళ్ళొచ్చిన వాళ్ళకి పానకం లేని పెళ్ళి వెలితిగా ఉంటుంది. అనకాపల్లి బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి. లీటరుకి 150 గ్రాముల బెల్లం చాలు.

రాజాం_వంటశాల
మాస్టారూ, గుమ్మం దగ్గర వద్దు, షర్బత్‌తో పోటీ అవుతుంది. మంగళసూత్రధారణ అవ్వగానే అక్కడున్న రెండొందల మందికి చిన్న గ్లాసుల్లో పోయించండి. పదిహేను లీటర్లు చాలు. రెండో కాఫీ దాని తర్వాత. బెల్లం ముందు నీళ్ళలో కరిగించి, గుడ్డలో వడగట్టి, ఇసుక లేకుండా చూసుకోండి.

డయాలసిస్_సిస్టర్
పానకం కూడా మన ఇద్దరు పెద్దలకి వద్దు. నాలిక తడిపి ప్రసాదంగా తీసుకుంటారేమో వాళ్ళ ఇష్టం.

నాగావళి_గట్టు
నాన్నకి మొత్తం చదివి వినిపించాను. గోలీ సోడా దగ్గర నవ్వారు, పానకం దగ్గర "అదీ!" అన్నారు. ఖాయం చేసుకున్నది: గుమ్మంలో మజ్జిగ, సబ్జా నిమ్మ షర్బత్, పోసేది మా బాబాయి, పిన్ని. ఎదురుసన్నాహానికి బొండాలు. కేక్ కోసే వేళకి గోలీ సోడా. ఒంటిగంటకి అరకు కాఫీ. తాళి కట్టాక పానకం, తర్వాత ఇంకో కాఫీ. రంగునీళ్ళ లిస్టు క్యాటరింగ్ ఆయనకి తిరిగిచ్చేశాం. ఐసు మాట ఆయనతో కాగితం మీద రాయించుకుంటాను.

కవిటి అన్నగారూ, వంద బొండాలు మీ తోటవే కావాలి. ముందు రోజే పంపేస్తారా?

కవిటి_కొబ్బరితోట
ముందు రోజు వద్దు బాబూ, ఎండకి వేడెక్కి నీళ్ళ రుచి మారుతుంది. పెళ్ళి రోజు తెల్లారగట్ల కోయించి మధ్యాహ్నం మూడింటికల్లా హాలు దగ్గర దింపిస్తాను. నీడ ఉన్న చోట చూపించండి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. నూట పది వేయిస్తాను, పది మా ఇంటి తరఫున. కొట్టే మనిషి బండిలోనే వస్తాడు, వాడికి భోజనం పెట్టి పంపండి.